ధర్మ వదలని కుక్క, వెండీ అప్పగించిన కుక్క

రక్షించిన కుక్కను కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకుని, అది కోలుకున్నాక శాశ్వతంగా పెంచుకునేవాళ్ల చేతికి ఇచ్చే పనిని మన ఊళ్లలో అందరూ ఫోస్టరింగ్ అనే అంటున్నారు. ఆ పని కథలోకి వచ్చి కూర్చున్న రెండు సినిమాల గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఒకటి 2022 జూన్ 10న కన్నడంతో పాటు తెలుగులోనూ విడుదలైన ‘777 చార్లీ’. దర్శకుడు కిరణ్‌రాజ్ కె., కథానాయకుడు రక్షిత్ శెట్టి. తెలుగులో రానా దగ్గుబాటి సమర్పించాడు. రెండోది 2008లో కాన్ చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శించిన అమెరికన్ చిత్రం ‘వెండీ అండ్ లూసీ’. దర్శకురాలు కెల్లీ రైకార్ట్. వెండీగా నటించింది మిషెల్ విలియమ్స్.

పైకి చూస్తే ఈ రెండింటికీ పొత్తే లేదు. ఒకటి రెండున్నర గంటలు దాటిన భారీ చిత్రం, పాటలున్నాయి, కొట్లాటలున్నాయి, మైసూరు నుంచి హిమాలయాల దాకా ప్రయాణముంది. రెండోది గంటా ఇరవై నిమిషాల్లో ముగిసిపోతుంది. ఒరెగాన్ రాష్ట్రంలో ఓ చిన్న ఊరు, ఆగిపోయిన పాత కారు, ఒక మందుల దుకాణం ముందు పార్కింగు స్థలం, అంతే. కానీ ఇంట్లో ఫోస్టర్ కుక్కలను పెట్టుకునేవాళ్లకు ఈ రెండూ ఒకే ప్రశ్న వేస్తాయి. నీ దగ్గరికి వచ్చిన ప్రాణిని పట్టుకుని ఉండటం ప్రేమా, చేయి వదలడం ప్రేమా?

మొదటి చిత్రంలో ఫోస్టరే కథానాయకుడు. రెండోదాంట్లో ఫోస్టర్ ఇల్లు ఆఖరి కొన్ని నిమిషాల్లో ఒక కంచె వెనక కనిపిస్తుంది, ఆ ఇంటి మనిషి గురించి సినిమా మనకేమీ చెప్పదు. అయినా ఫోస్టర్ చేసే పని లోతు రెండోదానికే ఎక్కువ తెలుసని నేను నమ్ముతున్నాను. అలాగని మొదటిది పట్టుకున్న సంగతులు తక్కువవి కావు. వాటితోనే మొదలుపెడతాను.

‘777 చార్లీ’లో ధర్మ మైసూరులో ఒక ఫ్యాక్టరీ కార్మికుడు. చిన్నప్పుడే తల్లిదండ్రులను పోగొట్టుకున్నాడు. ఇల్లు, ఫ్యాక్టరీ, ఇడ్లీ, బీరు, టీవీలో చార్లీ చాప్లిన్. కాలనీలో పిల్లలు అతన్ని చూస్తే జడుసుకుంటారు, అద్రిక అనే ఒక్క పాప తప్ప. అక్రమంగా కుక్కల బ్రీడింగ్ చేసేవాడి చెర నుంచి తప్పించుకున్న ఒక ఆడ లాబ్రడార్ ఆ కాలనీకి చేరుతుంది. ధర్మ తరిమేస్తాడు. ఒకరోజు దాన్ని బైకు గుద్దితే తప్పనిసరై పశువైద్యుడి దగ్గరికి మోసుకెళతాడు. అక్కడ డాక్టర్ అశ్విన్ కుమార్, అంటే రాజ్ బి. శెట్టి, ఎవరైనా దత్తత తీసుకునే దాకా దీన్ని నువ్వే చూసుకోవాలని అతనికి అంటగడతాడు.

ఫోస్టర్లుగా మారినవాళ్లలో సగం మంది కథ ఇదే. కుక్కల మీద ప్రేమతో దరఖాస్తు నింపి వచ్చేవాళ్లు కొందరు. మిగతావాళ్లు రోడ్డు మీద దెబ్బ తగిలినదాన్ని చూసి, ఆసుపత్రిలో చేర్చి, “రెండు రోజులు మీ ఇంట్లో ఉంచండి సార్, బోనులు ఖాళీ లేవు” అన్న మాటకు తలూపినవాళ్లు. ఆ రెండు రోజులు రెండు నెలలవుతాయి. కిరణ్‌రాజ్ ఈ ప్రవేశాన్ని అచ్చంగా చూపించాడు. మంచితనంతో తలుపు తీసినవాడి కంటే, తలుపు మూసుకోవడం చేతకాక తీసినవాడు నాకు ఎక్కువ నిజంగా కనిపిస్తాడు.

ఆ తర్వాత వచ్చే గంట సినిమా కూడా బాగుంటుంది. కుక్క ఇంటిని పీకి పందిరేస్తుంది. ధర్మ విసుక్కుంటాడు, అరుస్తాడు, తిట్టుకుంటూనే శుభ్రం చేస్తాడు. కుక్క వచ్చీరాగానే మన ఒళ్లో తల పెట్టి పడుకుంటుందనుకునేవాళ్లకు ఈ భాగం మంచి మందు. భయపడిన కుక్క కొత్త ఇంట్లో మొదటి మూడు రోజులు మంచం కిందే ఉండిపోవచ్చు. మూడు వారాలకు ఇంటి వేళలు పట్టుబడతాయి. మూడు నెలలకు గానీ ఇది నా చోటు అనుకోదు. ఫోస్టర్లంతా చెప్పుకునే లెక్క ఇది. శాస్త్రం కాదు గానీ, ఓపిక పట్టమని కొత్తవాళ్లకు చెప్పడానికి పనికొస్తుంది.

అసలు మలుపు దత్తత దగ్గర వస్తుంది. ఒంటరిగా కుప్పకూలిన ధర్మను ఆ కుక్కే కాపాడుతుంది. అతని మనసు మారుతుంది. చాప్లిన్ పేరే దానికి పెట్టుకుంటాడు. ఇక అది ఎవరికీ ఇచ్చేది కాదు. ఫోస్టర్‌గా తెచ్చుకున్నవాళ్లే ఇలా ఉంచేసుకుంటే రెస్క్యూ గ్రూపుల్లో ‘ఫోస్టర్ ఫెయిల్’ అంటారు, ముద్దుగానే. ఆ వార్త పెట్టగానే హృదయం బొమ్మలు వరసగా వచ్చిపడతాయి. సినిమాకూ అదే ఘనవిజయం. ఆ క్షణం నుంచి చార్లీ తాత్కాలికంగా వచ్చిన అతిథి కాదు, ధర్మ జీవితానికి అర్థం.

నాకు ఇబ్బందిగా అనిపించేది ఇక్కడే. ఒక ఇంట్లో ఒక కుక్క స్థిరపడిపోయిందంటే చాలాసార్లు ఆ ఇంటి తలుపు తర్వాతి కుక్కకు మూసుకుపోయినట్టే. ఫ్లాట్‌లో స్థలం పెరగదు, జీతం పెరగదు. కొత్తగా వచ్చే కూనకు పార్వో ఉంటే ఇంట్లో ఉన్నదానికి ముప్పు. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కు చావదు. ఉంచుకున్నవాళ్లను తప్పుపట్టడం లేదు. కొన్ని కుక్కలకు ఆ ఇల్లే తప్ప వేరే దారి ఉండదు కూడా. కానీ ఉంచుకోవడమే ప్రేమకు గీటురాయి అని సినిమా చెప్పినప్పుడు, ఇచ్చేసినవాళ్లంతా కాస్త తక్కువగా ప్రేమించారన్న అర్థం దానంతటదే వచ్చేస్తుంది. బంధువులు మాలాంటి ఫోస్టర్లను అడిగేదీ అదే: “ఇన్నాళ్లు పెంచి ఎలా ఇచ్చేశావమ్మా, మనసెలా ఒప్పింది?”

ఈ ప్రశ్న వెనక మనకో పెద్ద కథ ఉంది. ధర్మ అన్న పేరు ఊరికే పెట్టింది కాదు. మహాప్రస్థానంలో ద్రౌపది, తమ్ముళ్లు ఒక్కొక్కరే పడిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది ఒక కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి రమ్మంటే, నన్ను నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలి స్వర్గానికి రానన్నాడు. ‘777 చార్లీ’ ఆ కథనే బుల్లెట్ బండి సైడ్‌కార్‌లో కూర్చోబెట్టి ఉత్తరానికి నడిపించింది. మంచు చూస్తే చార్లీకి ఆనందమని తెలుసుకున్న ధర్మ, చావు దగ్గరపడిన దాన్ని మంచు దాకా తీసుకెళతాడు. అప్పటి కర్ణాటక ముఖ్యమంత్రి బసవరాజ్ బొమ్మై ఈ సినిమా చూసి కంటతడి పెట్టుకోవడం, ఆ ప్రభుత్వం ఆరు నెలల పాటు రాష్ట్ర జీఎస్టీ మినహాయించడం అందరికీ గుర్తుండే ఉంటుంది. ఉత్తమ కన్నడ చిత్రంగా జాతీయ పురస్కారం కూడా వచ్చింది. మన దేశంలో ఇంత కన్నీరు పెట్టించడానికి నటన ఒక్కటే కారణం కాదు. నమ్మినదాన్ని వదలకపోవడమే ధర్మమన్న తీర్పు చిన్నప్పటి నుంచీ మన ఒంట్లో ఉంది.

ఆ తీర్పు గొప్పది. కానీ అందులో రెండే దారులు. వెంట ఉండటం, లేదా వదిలేయడం. ఫోస్టర్ చేసేవాళ్లు నడిచే దారి ఈ రెండూ కాదు. దాన్ని చూడాలంటే ఒరెగాన్ వెళ్లాలి.

వెండీ ఇండియానా నుంచి బయల్దేరి అలాస్కాలో చేపల క్యానరీలో పని దొరుకుతుందని వెళుతోంది. కారులోనే పడక. చేతిలో ఒక చిన్న పుస్తకం, అందులో ఖర్చుల పద్దు. తోడుగా లూసీ. ఫలానా జాతి అని చెప్పలేని పసుపు గోధుమ రంగు కుక్క. నిజానికి రైకార్ట్ సొంత కుక్క, పేరు కూడా అదే. ఆ ఏడాది కాన్‌లో కుక్కల నటనకు ఇచ్చే ‘పామ్ డాగ్’ లూసీకి దక్కింది. కారు ఆగిపోతుంది. కుక్క తిండి అయిపోతుంది. వెండీ ఒక కిరాణా దుకాణంలో కుక్క తిండి డబ్బా దొంగిలించి పట్టుబడుతుంది. పోలీసులు తీసుకెళతారు, 50 డాలర్ల జరిమానా కట్టించుకుంటారు. తిరిగొచ్చేసరికి దుకాణం బయట కట్టేసి వెళ్లిన లూసీ లేదు.

అక్కడి నుంచి కథంతా వెతుకులాటే. నేపథ్య సంగీతం దాదాపు లేదు. వెండీ తనలో తాను తీసే ఒక కూనిరాగం, దూరంగా గూడ్సు బండ్ల చప్పుడు, అంతే. చార్లీ కథలో పాట వచ్చి ఎక్కడ ఏడవాలో చెబుతుంది. ఇక్కడ ఆ సాయం లేదు. వెండీ మునిసిపాలిటీ కుక్కల ఆశ్రమానికి వెళ్లినప్పుడు కెమెరా కటకటాల గదుల పక్క నుంచి నెమ్మదిగా నడుస్తుంది. ఒక్కో గదిలో ఒక్కో కుక్క. మొరిగేవి, మూలకు ఒదిగినవి, ఊరికే చూసేవి. లూసీ లేదు. ఆ నడక చాలాసేపు సాగినట్టు అనిపిస్తుంది, అలా అనిపించాలి కూడా. అలాంటి వరండాలో నడిచి ఒక్క కుక్కను ఎంచుకుని బయటికి రావలసి వచ్చినవాళ్లకు తెలుసు, తర్వాత గుర్తుండిపోయేది ఎంచుకున్నది కాదు, మిగిలినవి.

ఫోన్ లేని వెండీకి, మందుల దుకాణం కావలివాడు, ఒక ముసలాయన, తన సెల్‌ఫోన్ ఇస్తాడు. ఆశ్రమంవాళ్లకు ఆ నంబరే ఇస్తుంది. ఈ చిత్రంలో దయ అంటే అదే, ఎవరి చేతిలో ఉన్నది వాళ్లు కాసేపు ఇవ్వడం. చివరికి కబురు వస్తుంది: లూసీ దొరికింది, ఒక ఫోస్టర్ ఇంట్లో ఉంది.

వెండీ టాక్సీలో ఆ ఇంటికి వెళుతుంది. పెరడు, గడ్డి, ఇనుప జల్లెడ కంచె. లూసీ పరిగెత్తుకొస్తుంది. వెండీ కంచె సందుల్లోంచి వేళ్లు పెట్టి నిమురుతుంది. ఇద్దరూ పుల్ల ఆట ఆడతారు, సినిమా మొదట్లో చెట్ల మధ్య ఆడిన ఆటే, ఈసారి మధ్యలో కంచె. వెండీ పెరడు చూస్తుంది. ఇంటిని చూస్తుంది. కారు బాగు చేయించడం తన వల్ల కాదని అప్పటికే తెలిసిపోయింది. డబ్బు సంపాదించుకుని వస్తానని, బుద్ధిగా ఉండమని కుక్కకు చెప్పి వెనుదిరుగుతుంది. తర్వాత ఒక గూడ్సు బండి ఎక్కుతుంది. అంతే సినిమా.

ధర్మరాజు కథ చిన్నప్పుడే విన్న మన ప్రేక్షకులకు ఇది మింగుడుపడదు. సినిమా చూపించినప్పుడు నా స్నేహితురాలొకామె “అదేంటి, తలుపు కొట్టి కుక్కను తెచ్చుకోవచ్చుగా” అని కోపగించుకుంది. తెచ్చుకోవచ్చు. చట్టప్రకారం కుక్క వెండీదే. కానీ తెచ్చుకుని ఎక్కడ పెడుతుంది? గూడ్సు పెట్టెలోనా? వెండీ చేసింది వదిలేయడం కాదు. ఆ పెరడును ఆమె ఎంత జాగ్రత్తగా చూసిందో చూడండి. లూసీ తోక చూసింది, గడ్డి చూసింది, కంచె గట్టిగా ఉందా అని చూసింది. మేం దత్తతకు ముందు అవతలివాళ్ల ఇంటికి వెళ్లి చేసే పని ఇదే. బాల్కనీకి వల ఉందా, గేటు సందులోంచి దూరిపోతుందా, ఇంట్లో ముసలివాళ్లకు ఇష్టమేనా అని చూస్తాం. వెండీ ఆ తనిఖీని కంచె బయటి నుంచి, కళ్ల నీళ్లతో చేసింది. నా లెక్కలో ఆమె ధర్మరాజుకు ఏమీ తీసిపోదు. ఆయన తనను నమ్మినదాన్ని తనతో ఉంచుకోగలిగిన స్థితిలో ఉన్నాడు. ఆమె లేదు. నమ్మినదాని మేలు కోసం తన హక్కును వదులుకుంది.

అప్పగింత మీద ఇంకో పాత సినిమా గుర్తొస్తుంది. 1952లో విట్టోరియో డి సికా తీసిన ‘ఉంబెర్తో డి.’ పింఛను చాలని ముసలి విశ్రాంత ఉద్యోగి తన కుక్క ఫ్లైక్‌ను డబ్బు తీసుకుని కుక్కలను ఉంచుకునే దంపతుల దగ్గర వదలాలని వెళతాడు. ఇల్లు చూస్తాడు, మనుషుల ముఖాలు చూస్తాడు, ఫ్లైక్ బెదిరిపోవడం చూస్తాడు. అక్కడ వదలకుండా తిరిగి వచ్చేస్తాడు. కుక్కను ఇవ్వడం తెలియడమంటే ఇవ్వకూడని చోటు తెలియడం కూడా. వెండీ చూసిన పెరడు సరైన చోటు. ఉంబెర్తో చూసిన ఇల్లు కాదు.

రెండు సినిమాల మధ్య నన్ను ఎక్కువ ఆలోచింపజేసే తేడా డబ్బు. చార్లీ కథలో డబ్బు చిక్కు వచ్చినా కథ దాన్ని దాటించేస్తుంది. వెండీ కథలో ప్రతి డాలరుకూ పద్దు ఉంటుంది. ఆమెను పట్టిచ్చిన దుకాణం కుర్రాడు, కుక్కకు తిండి కొనలేనివాళ్లు కుక్కను పెంచుకోకూడదు అన్న అర్థంలో ఒక మాట అంటాడు. మెడలో సిలువ వేసుకున్న పిల్లాడు. వాడి దృష్టిలో అది నీతి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. మా దత్తత ఫారాల్లోనూ ఈ మాటే మర్యాద వేషంలో ఉంది: సొంత ఇల్లా, అద్దె ఇల్లా, నెల ఆదాయమెంత, కారు ఉందా. ఈ ప్రశ్నలకు కారణాలున్నాయి. ఇల్లు మారినప్పుడు కుక్కను రోడ్డున పడేసిన కుటుంబాలను మేమంతా చూశాం. కానీ హైదరాబాద్‌లో సందు చివర కుక్కను ఏళ్లుగా సాకుతున్నది ఎవరు? చాలాచోట్ల వాచ్‌మన్ కుటుంబం, ఇస్త్రీ బండాయన, టీ కొట్టు నడిపే ఆవిడ. వాళ్లు ఫారం నింపితే మొదటి పేజీలోనే ఆగిపోతారు. కాలికి కట్టు ఉన్న ఒక కూనకు మా వీధి చివర ఆటో డ్రైవర్ రోజూ వచ్చి మందు తినిపించేవాడు. బెల్లం ముక్క మధ్యలో మాత్ర పెట్టి, కూన నాలుక చాచేదాకా మోకాళ్ల మీద కూర్చునేవాడు. “దీన్ని నాకిస్తారా మేడం” అని ఒకసారి అడిగాడు. అడగడానికి అతనికి ధైర్యం చాలడానికే వారాలు పట్టింది. అతనికే ఇచ్చాం. ఇప్పటికీ టీకాల తేదీ అతనే గుర్తుచేస్తాడు. రైకార్ట్ ఆ కుర్రాడి నోట ఆ మాట పెట్టి, మిగతా సినిమా అంతా దానికి జవాబు చెప్పింది. పేదరికం ప్రేమను తగ్గించదు. ప్రేమించినదాన్ని దగ్గర ఉంచుకునే వీలును లాగేసుకుంటుంది.

కుక్కల కష్టాలకు కారణాలు చూపే విషయంలో మాత్రం ‘777 చార్లీ’దే పైచేయి. లూసీకి గతం లేదు, చార్లీకి ఉంది. ఆమె పుట్టింది ఒక బ్రీడర్ బోనులో. ఆమెకు వచ్చిన జబ్బు హెమాంజియోసార్కోమా, రక్తనాళాల గోడల్లో పుట్టే క్యాన్సర్. ప్లీహంలోనో గుండెలోనో పెరిగి, పగిలి లోపల రక్తం కారేదాకా చాలాసార్లు బయటపడదు. దగ్గరి రక్తసంబంధం ఉన్న కుక్కలను కలిపి పిల్లలు పుట్టించడమే దీనికి మూలమని సినిమా చెబుతుంది. వైద్యం దృష్టితో చూస్తే ఇంత సూటిగా ఒక్క కారణానికి ముడిపెట్టడం కష్టం. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో మంచి సంరక్షణలో పెరిగిన కుక్కలకూ ఈ జబ్బు వస్తుంది. అయినా వేలు చూపించిన దిక్కు సరైనదే. 2017 నాటి కుక్కల బ్రీడింగ్, అమ్మకాల నియమాల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. 18 నెలలు నిండని ఆడకుక్కను ఈతకు పెట్టకూడదు, జీవితం మొత్తంలో 5 ఈతలకు మించకూడదు, 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. కాగితం మీద ఇవన్నీ ఉన్నాయి. ఆన్‌లైన్ ప్రకటనల్లో నెల నిండని కూనలు ఫొటోలతో సహా అమ్ముడుపోతూనే ఉన్నాయి.

ఆ బోనుల నుంచి బయటపడేవి పిల్లలే కాదు. ఈతలు అయిపోయిన తల్లులను రాత్రిపూట ఔటర్ రింగ్ రోడ్డు పక్కన దించేసి పోతారు. అలాంటి లాబ్రడార్ తల్లి ఒకటి మా ఇంటికి వచ్చింది. పొదుగు వేలాడుతోంది, మోచేతుల దగ్గర సిమెంటు నేల మీద ఏళ్లు పడుకున్న కాయలు. గడప దాటడం తెలియదు. టైల్స్ మీద అడుగు పెట్టి జారితే ఎక్కడ నిలబడిందో అక్కడే వణుకుతూ ఉండిపోయేది. నీళ్ల గిన్నె దాకా గోనె పట్టాలు పరిస్తే వాటి మీదే నడిచేది, పట్టా అయిపోయిన చోట ఆగిపోయేది. మెట్లు అంటే ఏమిటో దానికి నేర్పడానికి ఒక్కో మెట్టు మీద ఒక్కో ఉడికించిన కోడిగుడ్డు ముక్క పెట్టాల్సి వచ్చింది. చార్లీ బోను దాటి రోడ్డు మీదికి దూకి, సీతాకోకచిలుక వెంట పడ్డట్టు ఊరంతా తిరుగుతుంది. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది, తప్పు లేదు. కానీ బోనులో పెరిగిన కుక్కకు మొదట వచ్చేది స్వేచ్ఛ కాదు, భయం. ఆ భయం దగ్గర కూర్చోవడమే ఫోస్టర్ పనిలో ముప్పాతిక భాగం. సినిమా దాన్ని దాటేసింది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. చార్లీ లాబ్రడార్. సినిమా ఉద్దేశం దత్తతను ప్రోత్సహించడమే, అది మనస్ఫూర్తిగా చెప్పింది. కానీ తెర మీద ప్రేక్షకుడి కళ్లు ప్రేమించింది ఒక జాతి ముఖాన్ని. 1996లో డిస్నీ వాళ్ల డాల్మేషియన్ల సినిమా వచ్చాక అమెరికాలో ఆ కుక్కలకు గిరాకీ పెరగడం, ఆ తర్వాత వాటిని ఆశ్రమాల్లో వదిలేయడం అప్పట్లో పత్రికలకు పెద్ద వార్త. లూసీ విషయంలో ఆ ప్రమాదం లేదు. లూసీ లాంటి కుక్క ఎక్కడ కొనుక్కోవాలో ఎవరికీ తెలియదు.

మన వీధి కుక్కల సంగతి ఈ రెండు సినిమాలకూ బయటిదే. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధి కుక్కను పట్టి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. అందుకే ఆరోగ్యంగా ఉన్న వీధి కుక్కను ఫోస్టర్లు మామూలుగా ఇంటికి తెచ్చుకోరు. మా దగ్గరికి వచ్చేవి వెనక్కి వెళ్లలేనివి. తల్లి చచ్చిపోయిన పాలపిల్లలు, కాలు తీసేసినవి, చూపు పోయినవి, ఎవరో పెంచి రోడ్డున పడేసినవి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ ఆశ్రమాలకు తరలించమని మొదట అన్నది. అదే నెల 22న దాన్ని మార్చింది: ఆపరేషన్, టీకాల తర్వాత వాటి చోట్లకే పంపాలి; రేబిస్ ఉన్నవి, మీద పడి కరిచేవి తప్ప. కావాలనుకున్నవాళ్లు దత్తత తీసుకోవచ్చు, తీసుకున్న కుక్క మళ్లీ వీధికి రాకూడదు. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను ఆశ్రమాలకు తరలించి, తిరిగి అక్కడ వదలొద్దని ఆదేశించింది. ఆ ఆశ్రమాలెక్కడ? హైదరాబాద్‌లో 1992లో అమల, నాగార్జున మొదలుపెట్టిన బ్లూ క్రాస్ లాంటివి ఏళ్ల తరబడి మోస్తున్న భారమే ఎక్కువ. ఉన్న చోటు చాలనప్పుడు మిగిలేది ఎవరో ఒకరి రెండు గదుల ఫ్లాటు, ఆ ఫ్లాట్ల సంఘం కార్యదర్శి చిరాకు.

ఈ వెలుగులో చూస్తే రెండు చిత్రాల్లోని వ్యవస్థలు కూడా పోల్చి చూడదగ్గవే. ‘777 చార్లీ’లో జంతు సంక్షేమ అధికారి దేవిక, అంటే సంగీత శృంగేరి, ధర్మను అనుమానంతో వెంబడిస్తుంది. కుక్కను హింసిస్తున్నాడేమోనని నిఘా. తర్వాత కరుగుతుంది, నిజమే. ఒరెగాన్‌లోని ఆశ్రమం ఉద్యోగి ఎవరినీ వెంబడించడు. వివరాలు రాసుకుంటాడు, నంబరు తీసుకుంటాడు, కుక్క జాడ తెలియగానే కబురు చేస్తాడు. పొడిపొడిగా, పద్ధతిగా. సినిమాగా దేవికది రసవత్తరమైన పాత్ర. ఫోస్టర్‌గా నాకు కావలసింది మాత్రం ఆ రెండో మనిషి. రాత్రి పదకొండింటికి కూన వాంతులు చేసుకుంటుంటే ఫోన్ ఎత్తేవాడు, ఏ కుక్క ఎవరింట్లో ఉందో పుస్తకంలో రాసి పెట్టేవాడు. మన దగ్గర ఆ పనంతా వాట్సాప్ గ్రూపుల్లో, ఉద్యోగాలు చేసుకుంటూ నిద్ర మానుకున్న ఆడపిల్లలు చేస్తున్నారు. వాళ్ల మీద ఒక సినిమా రావాలి.

అప్పగించే రోజు ఎలా ఉంటుందో రెండు సినిమాలూ ఫోస్టర్ వైపు నుంచి చూపించలేదు. ధర్మ అప్పగించడు, వెండీ కథలో మనం కంచెకు ఇవతల, పాత యజమాని పక్కన ఉన్నాం. ఇంటి లోపలివాళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. తెల్లారే స్నానం చేయించం, ఇంటి వాసన పోకూడదని. పడుకున్న దుప్పటి ఉతక్కుండా మడిచి ఇస్తాం, కొత్త ఇంట్లో మొదటి రాత్రులకు. తప్పిపోయిన లూసీ కోసం వెండీ తను తొడుక్కున్న బట్టలు వీధిలో అక్కడక్కడా కట్టి వెళుతుంది, వాసన పట్టి వస్తుందని. కుక్కలతో మసిలినవాళ్లకు తప్ప తోచని వివరం అది. తిండి వేళలు, భయపడే చప్పుళ్లు, మాత్ర ఏ ముద్దలో పెడితే మింగుతుందో కాగితం మీద రాసిస్తాం. ఆ కాగితం రాసేటప్పుడే అసలు ఏడుపు వస్తుంది, కారు కదిలేటప్పుడు కాదు. ఒక ప్రాణి అలవాట్లన్నీ మనకు కంఠతా వచ్చేశాయని, ఇప్పుడు వాటిని ఇంకొకరికి నేర్పుతున్నామని అప్పుడే తెలుస్తుంది.

‘777 చార్లీ’ ముగింపులో చార్లీ పోతూ ఒక పిల్లను వదిలి వెళుతుంది. ధర్మ ఇతర జంతువుల కోసం ఒక ఆశ్రమం కూడా పెడతాడు. ఆ చివరి మలుపు నాకిష్టం. ఒక్కదానితో ముడిపడ్డ ప్రేమ పదింటికి తెరుచుకుంది. కానీ ఆ ఆశ్రమంలో ధర్మ రోజులు ఎలా గడుస్తాయో చూపకుండానే తెర పడుతుంది. అక్కడికి వచ్చే ప్రతి కుక్కతోనూ సైడ్‌కార్‌లో హిమాలయాలకు పోలేడు. కొన్నిటిని బాగు చేసి, ఎవరో ఒకరి చేతికి ఇచ్చి, గేటు వేసి లోపలికి రావాలి. అప్పుడు ధర్మకు తోడు కావలసింది ధర్మరాజు కాదు, వెండీ.

ఫోస్టర్ చేస్తామని ముందుకు వచ్చేవాళ్లు ఏం చూడాలి, ఏం చదవాలి అని అడుగుతుంటారు. ‘777 చార్లీ’ విశ్రాంతి దాకా చూడమంటాను. ఇల్లు పాడవుతుందని, కోపం వస్తుందని, ఆ కోపంలోనే ప్రేమ పుడుతుందని తెలియడానికి. తర్వాత ‘వెండీ అండ్ లూసీ’ మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో ఆపకుండా, వీలైతే ఇంట్లోవాళ్లందరితో కలిసి చూడమంటాను. కుక్క వెళ్లిపోయిన రోజు ఇంట్లో అందరూ ఒకేలా బాధపడరు. చిన్నపిల్లలుంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆ కంచె సీను గురించి ముందే మాట్లాడుకోవడం మంచిది.